చక్రం కింద రాయి

మా అత్తమ్మ పోయిందన్న కబురు నాకు పెట్రోలు బంకు దగ్గర అందింది. ఆదివారం సాయంత్రం. మర్నాడు ఆవిణ్ణి విశాఖపట్నంలో గుండె డాక్టరుకు చూపించాలి. ఘాట్ దిగే ముందురోజు టైర్లన్నింటికీ గాలి చూపించి తీరాలన్నది ఆవిడ పెట్టిన నియమం. వెనక టైరుకి గాలి పట్టిస్తుంటే ఫోన్ మోగింది. మా ఆయన "బేగి వచ్చేయ్" అని మాత్రం అన్నారు. ఆ గొంతులోనే నాకు తెలిసిపోయింది.

చెబితే ఏమనుకుంటారో గానీ, ఆ క్షణంలో నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. మా సందులోకి కారుని వెనక్కి నడుపుకుంటూ వెళ్ళాలి. ఒక పక్కంతా పల్లం. ఇన్నాళ్ళూ గుమ్మంలో నిలబడి "రా, రా, ఇంకా రా... ఆపే!" అని కేకలేసింది ఆవిడే. ఇప్పుడు ఆ కేక లేకుండా ఎలా వెళ్ళాలో తెలియక బంకులోనే కాసేపు స్టీరింగు పట్టుకుని కూర్చుండిపోయాను. చివరికి కారుని మెయిన్ రోడ్డు మీదే వదిలేసి నడిచి ఇంటికి వెళ్ళాను.

మాది అరకులో చిన్న కిరాణా కొట్టు. మామగారి కాలంలో విజయనగరం వైపు నుంచి కొండెక్కి వచ్చిన కుటుంబం. కొట్టు ముందు ఒక చెక్కబల్ల ఉంటుంది. మామగారు పోయాక అత్తమ్మ లోకమంతా ఆ బల్లే. మోకాళ్ళు అరిగిపోయినా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆ బల్ల మీంచి లేచేది. శుక్రవారం సంతనాడు మాత్రం పక్కకి జరిగి చోటిచ్చేది. కొండ మీద ఊరి నుంచి పసుపు కొమ్ములు తెచ్చి అమ్ముకునే ముసలమ్మ ఒకావిడ, సరుకు అమ్ముడయ్యాక వచ్చి ఆ చోట్లో కూర్చునేది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు. ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు. నేను దగ్గరికి వెళితే ఆపేసేవారు.

మోకాళ్ళకి తోడు గుండె జబ్బు వచ్చింది. నెలనెలా కొండ దిగి డాక్టరుకు చూపించుకోవాలన్నారు. రైలు మెట్టు ఆవిడకి అందదు. బస్సు మెట్టూ అంతే. ఒకసారి కండక్టరు పాపం సాయం చేద్దామనే వచ్చి, చంకల కింద చేతులు వేసి అమాంతం ఎత్తి లోపల పెట్టాడు. బస్సులో అందరూ చూశారు. అత్తమ్మ సర్దుకుని, విశాఖ దాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది. ఇంటికొచ్చాక బల్ల మీద కూలబడి, "నానేటి, ఉల్లిపాయల బస్తానా?" అంది కొడుకుతో. ఆ మాటతోనే మా ఇంట్లో కారు కొనాలన్న ఆలోచన మొదలైంది.

కొత్తది కొనే తాహతు లేదు. పాతదే చూడాలి. మా ఆయనకి మనసంతా జీపులాంటి పెద్దబండి మీద ఉంది. "ఘాట్ రోడ్డుకి అదైతేనే బలం" అన్నారు. అత్తమ్మ వాదించలేదు. వెదురు కర్ర ఒకటి తెచ్చి తన బల్ల పక్కన నిలబెట్టి, బల్ల ఎంత ఎత్తుందో అంతకు కోయించింది. "బండి సీటు ఈ కర్రకి సరిపోవాల. కిందకున్నా ఒద్దు, మీదకున్నా ఒద్దు. నానెక్కడ కూకుని నెగుస్తానో నాకే గదా తెలుసు" అంది. ఆ కర్ర పట్టుకునే ముగ్గురం విశాఖ వెళ్ళాం.

పాత కార్లు అమ్మే ఆవరణలో బ్రోకరు మమ్మల్ని చూసి, ముందు ఆవిడకి కుర్చీ వేయించాడు. "పెద్దావిడ ఇక్కడ కూర్చుంటారండి, మనం బళ్ళు చూద్దాం" అన్నాడు. "నీకు కూకోవాలనుంటే నువ్వు కూకో నాయినా" అని ఆవిడ ముందుకు నడిచింది. 

మొదట చూపించింది పొడుగ్గా, తళతళలాడే కారు. కర్ర పెట్టి చూస్తే సీటు బాగా కిందకి ఉంది. అయినా కూర్చుని చూస్తానంది. కూర్చోవడం బాగానే కూర్చుంది, దిగబడిపోయింది. లేవలేకపోయింది. మా ఆయనా బ్రోకరూ చెరో చెయ్యి పట్టి లాగితే గానీ బయటికి రాలేదు. "కొన్నోడికి నుయ్యి తవ్వుకునే పని నేదు" అంది చీర దులుపుకుంటూ. తర్వాత మా ఆయన మోజుపడ్డ పెద్దబండి. ఆవిడ దాని పక్కన నిలబడి సీటు వైపు తలెత్తి చూసింది. "ఇది బానే ఉంది. మరి నిచ్చెన కూడా ఇస్తారేటి?" అని అడిగింది. బ్రోకరు నవ్వాపుకోలేకపోయాడు. ఇంకోటి ఎత్తు సరిపోయింది గానీ తలుపు సగమే తెరుచుకుంటోంది. మరో దానికి గడప ఎత్తు. తలుపు కింది అంచుని ఆవిడ గడప అనేది. కాలు ఎత్తి దాటాల్సినదేదైనా ఆవిడకి గడపే. మరొకదానికి అన్నీ కుదిరాయి గానీ కాళ్ళ కింద పట్టా ఎత్తి వాసన చూసి దిగిపోయింది. "తడిసిన మినపబస్తా వాసన. ఎక్కడో వరదలో నానిపోయొచ్చింది ఇది" అంది. 

చివరికి ఒక మూల నిలబెట్టిన పొడుగు పెట్టెలాంటి చిన్నకారు దగ్గర ఆగింది. చూపుకి ఏమంత అందం లేదు. తలుపు బార్లా తెరుచుకుంది. కర్ర సీటుకి సరిగ్గా సరిపోయింది. అత్తమ్మ ఎడమ పక్క వెనక తలుపు దగ్గర వీపు కారు వైపు తిప్పి, సీటు అంచున కూర్చుంది. కుడికాలు లోపల పెట్టింది. ఆవిడ ఎడమ మోకాలు అసలు వంగదు. దాన్ని రెండు చేతులతో పట్టి తెచ్చి లోపల పెట్టుకుంది. జుట్టు ముడి పైకప్పుకి తగల్లేదు. ఎవరూ పట్టుకోకుండా దిగింది, మళ్ళీ ఎక్కింది. ఆ రెండోసారి ఎక్కింది సరదాకే అని మాకు తెలిసిపోయింది. ఆవిడ ముఖం అంత వెలగడం నేను చాలా కాలం తర్వాత చూశాను.

బ్రోకరు తాళాలు మా ఆయన చేతికివ్వబోయాడు. "ఆడికి కాదు. మా కోడలు తోలతాది" అంది అత్తమ్మ లోపల్నుంచి.

నలభై దాటిన దాన్ని. సైకిలు తప్ప ఏదీ నడిపి ఎరగను. ఘాట్ మీద బస్సులో వెళుతున్నా కిటికీ పక్క సీటు వద్దనే మనిషిని. "నా వల్ల కాదు అత్తమ్మా. నాకు భయం" అన్నాను, అక్కడే, బ్రోకరు ముందే.

"అందుకేనే. ఆడికి బయిం నేదు. బయిం నేనోడి బండి నానెక్కను" అంది.

మా ఆయన నొచ్చుకున్నారు గానీ కాదనలేదు. ఎందుకో ఆయనకీ తెలుసు. మామగారికీ భయం ఉండేది కాదట. ఓసారి సరుకులు వేసుకొచ్చిన జీపుని వాలులో ఆపి, చక్రం కింద రాయి పెట్టకుండా టీ తాగడానికి దిగారు. మా కొండల్లో ఎంత తొందరలో ఉన్నా బండి ఆపితే ముందు రాయి పెడతారు, తర్వాతే మిగతా పనులు. ఆయన పెట్టలేదు. జీపు దొర్లి ఆయన కాలు మీదుగా పోయింది. బతికినంత కాలం కుంటుతూనే నడిచారు. ఆ కాలికి నూనె రాసి రాసి అత్తమ్మ వేళ్ళు వంకరపోయాయని మా ఆయన అంటుంటారు.

అద్దెకి తెచ్చుకున్న డ్రైవరు కారుని కొండెక్కించి మా గుమ్మం ముందు ఆపాడు. అప్పుడు బయటపడింది మేం చేసిన తప్పు. మా సందు కొండ పక్కనుంచి వాలుగా పోతుంది. ఇల్లు ఎగువన, ఎదుటి అంచు దిగువన. వచ్చిన కారు ఎడమ తలుపు సరిగ్గా ఆ పల్లం మీదికి తెరుచుకుంది. కర్ర నేలకి ఆనించి చూస్తే సీటు జానెడు పైన ఉంది. అత్తమ్మ దిగబోతే కాలు గాల్లో ఆడింది. "కుడి తలుపు నుంచి దిగమ్మా" అన్నారు మా ఆయన. అలా అయితే ఎక్కేటప్పుడు వంగని ఎడమకాలే ముందు లోపలికి రావాలి. అది కుదిరే పని కాదు. ఏళ్ళ తరబడి వాలు మీదే బతుకుతున్న వాళ్ళం, చదును నేల మీద కర్ర పెట్టి కొలుచుకుని మురిసిపోయి వచ్చాం.

అత్తమ్మ పల్లం మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని కాసేపు ఆలోచించింది. "బండిని అటు తిప్పెడితే ఎడం పక్క ఇంటికేసి ఒస్తాది గదే" అంది. నిజమే. కానీ మా ఇంటి దగ్గర తిప్పడానికి చోటు లేదు. అంటే ప్రతిసారీ మెయిన్ రోడ్డు నుంచి సందులోకి కారుని వెనక్కే తేవాలి. అదీ పైకి. కుడి చేతివైపు పల్లం. నడిపేది నేను.

నేర్చుకున్నాను. సంత లేని రోజుల్లో ఖాళీ మైదానంలో మా ఆయన నేర్పేవారు, అత్తమ్మ వెనక సీట్లో కూర్చునేది. ఇంజను ఆగిపోయినప్పుడల్లా మా ఆయన తల పట్టుకునేవారు. ఆవిడ మాత్రం "ఆగిపోడం మంచిదే. ఆగనిదానికే ఏడవాల" అనేది. సందులోకి వెనక్కి తెచ్చేటప్పుడు గుమ్మం మెట్టు మీద నిలబడి కేకలేసేది. బండి ఆగగానే అడిగే మొదటి మాట ఒకటే: "రాయెట్టినావేటే గుంటా?"

నలభై దాటిన నన్ను ఆవిడ చివరిదాకా, చిన్నపిల్లని పిలిచినట్టు, గుంటా అనే పిలిచింది.

ఆ రాయి వాగులో ఏరించి తెప్పించింది. ఒక పక్క చదును, ఒక పక్క గుండ్రం. గోనెగుడ్డలో చుట్టి తన సీటు కింద పెట్టించుకుంది. దారిలో రాళ్ళు దొరకవా అని అడిగాను ఒకసారి. "దొరికేదాకా బండి ఆగుతాదా?" అంది.

డాక్టరు చూసేది సోమవారాలు. ఘాట్ దిగే ఉదయం నాకు మంచినీళ్ళు కూడా సయించేవి కావు. ఇంట్లో చెప్పుకోలేక, శివుడికి సోమవారం ఉపవాసం పట్టానన్నాను. అత్తమ్మ కూడా "నానూ పడతాను" అంది. కొండ దిగి శృంగవరపుకోట చేరగానే ఇద్దరం ఇడ్లీలు తెప్పించుకుని ఆవురావురుమని తినేవాళ్ళం. కొన్ని నెలలయ్యాక ఒక రోజు చట్నీ అద్దుకుంటూ, "శివుడు కొండ మీదే ఉంటాడు గావాల, కిందకొచ్చేసరికి మనకి ఆకలేసేత్తంది" అంది. నేను ముఖం చాటేశాను. "నాకూ బయిమేనే గుంటా. మలుపు మలుపుకీ బయిమే. నీకు సెప్తే నువ్వు బండి ఆపేత్తావని సెప్పలేదు" అంది. అప్పటికి గానీ అద్దంలో నాకు కనిపించే ఆ చెయ్యి, తలుపు పైన పిడిని పట్టుకుని తెల్లబడిపోయిన ఆ వేళ్ళు, ఏమిటో నాకు అర్థం కాలేదు. ఆవిడ ధైర్యంతో కూర్చుందనుకుని నేను నడిపాను. నేను నడుపుతున్నాను కదా అని ఆవిడ కూర్చుంది.

ఒక సోమవారం సంగతి చెప్పాలి. అనంతగిరి దాటి టైడా వైపు దిగుతున్నాం. మంచు కమ్మేసింది. ఎదుటి బండి లైట్లు దగ్గరకి వచ్చేదాకా కనిపించడం లేదు. మలుపు మలుపుకీ హారన్ కొడుతూ రెండో గేరులో దిగుతుంటే వెనకనుంచి "ఆపే" అని సన్నగా వినిపించింది. అద్దంలో చూశాను. ఆవిడ చెయ్యి పిడి మీద లేదు, గుండె మీద ఉంది.

పక్కకి తీసి ఆపాను. హ్యాండ్ బ్రేకు లాగాను. ఇంజను ఆపితే మళ్ళీ అందుకోదేమోనని ఆపలేదు. ఫోన్ చూస్తే సిగ్నల్ లేదు. నాలుక కింద పెట్టుకునే మాత్ర నా సంచిలో ఉంది. జిప్పు రాకపోతే పళ్ళతో లాగి తెరిచాను. ఆవిడ ఇక్కడే, ఈ మంచులో, నా చేతుల్లో పోతుందనిపించింది. దిగి ఎడమ తలుపు దగ్గరికి పరుగెత్తి తలుపు తీశాను. ఆవిడ పెదాలు నల్లబడుతున్నాయి. ఊపిరి అందడం లేదు. అయినా కాళ్ళ కింద వేలు చూపించి, "ముందు రాయి" అంది.

"మాత్ర, అత్తమ్మా, మాత్ర ముందు..."

"రాయెట్టే!"

ఆ కేక ఎక్కడనుంచి వచ్చిందో ఆ మనిషికి. ఆవిడ కాళ్ళు బయటికి తిప్పి, రాయి లాగి, పరుగెత్తి ముందు చక్రం కింద తోసి వచ్చాను. మాత్ర నాలుక కింద పెడుతుండగా లోపల ఎక్కడో టక్కుమని తెగిన చప్పుడు. కారు కదిలింది. తలుపు చట్రం వెనక అంచు నా నడుముకి తగిలింది. అత్తమ్మ కాళ్ళు ఇంకా బయటే ఉన్నాయి. కారు బెత్తెడు ముందుకు జరిగి, రాయెక్కబోయి, ఆగింది.

ముందు పిట్టగోడ కూడా లేదు. మంచు ఒక్కటే ఉంది.

నేను ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టేశానని తర్వాత తెలిసింది, ఆవిడ చెయ్యి నా జుట్టు మీద ఉండటం వల్ల. "ఊపిరి తీసుకోయే" అంది. ఊపిరందని మనిషి నాకు చెప్పింది ఆ మాట. ఎంతసేపటికో ఒక లోడు లారీ వచ్చి ఆగింది. డ్రైవరూ క్లీనరూ దిగి సాయం పట్టారు. హ్యాండ్ బ్రేకు తీగ తెగిందన్నారు. లారీ ముందు వెళుతుంటే దాని వెనకే తక్కువ గేరులో కొండ దిగాం. ఆవిడ డాక్టరు దగ్గరికి బతికే చేరింది. తర్వాత ఇంకా చాలా సోమవారాలు ఆ దారినే తిరిగింది. నా భయం మాత్రం ఆ రోజు నుంచి రెట్టింపైంది. "పెరగనీ. అదే మనకి బ్రేకు" అనేది ఆవిడ.

అంత భయపడి అన్నిసార్లు దిగిన ఆ దారిలో కాకుండా, మధ్యాహ్నం నిద్రలో, తన మంచం మీద పోయింది మా అత్తమ్మ. అందరూ సుఖమైన చావు అన్నారు. నేనూ తలూపాను. కానీ ఎడమ తలుపు తీసే పని నాకిక లేదన్న సంగతి మింగుడుపడలేదు.

దినాలు అయ్యాక మా ఆయన కారు అమ్మేద్దామన్నారు. తప్పేం లేదు, ఎవరి కోసం కొన్నామో ఆవిడే లేదు. నేనూ సరేనన్నాను. నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది. ఇక ఘాట్ లేదు, ఆ వెనక్కి నడపడాలు లేవు. అత్తమ్మ పోయాక నేను స్టీరింగు ముట్టుకోలేదు. సందులోకి కూడా మా ఆయనే తెచ్చి పెట్టారు.

ఆ శుక్రవారం పసుపు కొమ్ములమ్మే పెద్దమ్మ వచ్చి ఖాళీ బల్ల మీద తన చోట్లోనే కూర్చుంది. అత్తమ్మ చోటు వదిలి కూర్చుంది. కంటికి పొర కమ్మిందని, సోమవారం కింద ఆసుపత్రిలో తీస్తామన్నారని చెప్పింది.

"బస్సులో వెళ్తావా పెద్దమ్మా?" అన్నాను.

"నేదు. నీ బండిలోన. నా కన్ను తేడాగుంటే మా కోడలు తీసుకెల్తాదని వదిన సెప్పింది గదా" అంది, ఎప్పుడో ఖాయమైపోయిన సంగతిలా.

నాతో ఎవరూ చెప్పలేదు. కాదనడానికి నోరు తెరిచాను. మా ఆయన కొట్టు లోపల్నుంచి "నే తీసుకెళ్తాను పెద్దమ్మా" అన్నారు. ఆవిడ ఆయన వైపు తిరగను కూడా తిరగలేదు. "ఒద్దు బాబూ. నీకు బయిం నేదంట" అంది.

సోమవారం పొద్దున్నే బయల్దేరాం. నేనేమీ తినలేదు. పెద్దమ్మ ఒడిలో ఉడకబెట్టిన చిలగడదుంపలు పెట్టుకుని, వద్దన్నా ఎడమ తలుపు దగ్గరి సీట్లోనే కూర్చుంది. అద్దంలోకి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. అనంతగిరి దాటాక మళ్ళీ మంచు. అదే మలుపు వస్తోందని నా కాళ్ళకి ముందే తెలిసింది. ఇక లాభం లేదనుకుని పక్కకి తీసి ఆపాను. ఇంజను ఆపాను, గేరులో పెట్టాను, బ్రేకు లాగాను. స్టీరింగు వదలడానికి వేళ్ళు రావడం లేదు. వెనకనుంచి ఆ ప్రశ్న వస్తుందని చెవులు రిక్కించాను. రాలేదు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు, అన్ని రోజులకి.

వెనక తలుపు తెరుచుకున్న చప్పుడైంది. కళ్ళు తుడుచుకుని దిగి చూద్దును కదా, పెద్దమ్మ సీటు ఖాళీగా ఉంది. సీటు కింద గోనెగుడ్డ మాత్రం ఉంది.

ముందు చక్రం దగ్గర ఉంది ఆవిడ. కన్ను సరిగా కనిపించక, తడుముకుంటూ రాయిని చక్రం కిందికి తోసి, చదును పక్క నేలకి ఆనిందో లేదో అరచేత్తో చూసుకుంటోంది. "సదును పక్క కిందకి. అంతే గదా? వదిన సంత సంతకీ సెప్పేది" అంది నా అడుగుల చప్పుడు విని. అక్కడే, రోడ్డు అంచున, చక్రం పక్కన గొంతుక్కూర్చుని ఒక దుంప నాకిచ్చింది.

నేను తింటున్నంతసేపూ ఆవిడ రాయి మీంచి చెయ్యి తీయలేదు. బయల్దేరుదామని రాయి ఎత్తి గోనెగుడ్డలో చుడుతుంటే చూశాను. మంచుకి తడిసిన రాతి మీద, ఆవిడ వేళ్ళు పెట్టిన చోటల్లా పచ్చగా పసుపు అంటుకుని ఉంది.